అయానయీన శారము - అష్టా చెమ్మ : మూడు పాణినీయ సూత్రములకు జాగరణపు ఆట చేయు సహాయము

1. ప్రస్తావన

అష్టాధ్యాయియందు ద్యూతమును స్పృశించు సూత్రములు పెక్కు కలవు. వానిలో 2.1.10, 3.3.37, 5.2.9 అను మూడు సూత్రములు ఆటను కంటితో చూడనివానికి పూర్తిగా బోధపడవు. మొదటిదానికి అక్షములు నేలపై పడు తీరు తెలియవలెను. రెండవదానికి శారము, అనగా ఆటకాయ, గడుల చుట్టును తిరుగు తీరు తెలియవలెను. మూడవదానికి ఎదిరి కాయ చేరజాలని గడి ఎట్టిదో తెలియవలెను.

ప్రాచ్యకళాశాలలలో ఈ సూత్రములకు రూపసిద్ధి చక్కగానే చెప్పబడుచున్నది. అయానయ శబ్దముపై ఖ ప్రత్యయము వచ్చుటను, 7.1.2 సూత్రముచే దానికి ఈనాదేశము కలుగుటను విద్యార్థి తడబడక చెప్పును. అయితే అయానయీనమనగా నేమి యని అడిగినచో వృత్తివాక్యమును మరల వల్లించుటయే తరచుగా జరుగుచున్నది. ఇది విద్యార్థి దోషము కాదు. వాక్యము చెప్పు వస్తువు అతని కన్నులయెదుట లేదు. ఆ వస్తువునకు మిక్కిలి సమీపమైన ఆట యొకటి తెలంగాణ పల్లెలలో నేటికిని ఆడబడుచున్నది. దానిని చూపి ఈ మూడు సూత్రములను బోధింపవచ్చునని, అట్లు బోధించుటకు గల హద్దులు కూడ ఇవియని చూపుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

2. జాగరణపు సాయంకాలము

జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న వరంగల్లు, కరీంనగరు మున్నగు పూర్వపు జిల్లాల నుండి ఏర్పడినవి. ఈ మూడింటను మూడు ప్రసిద్ధ శైవక్షేత్రములు కలవు. పాల్కురికి సోమనాథుని జన్మస్థలముగా ప్రసిద్ధమైన పాలకుర్తియందు సోమేశ్వరస్వామి, కొరవియందు వీరభద్రస్వామి, గోదావరీ తీరమున కాళేశ్వరమునందు ముక్తీశ్వరస్వామి వెలసియున్నారు. మహాశివరాత్రి ఈ క్షేత్రములకు పెద్ద పండుగ. క్షేత్రములకు పోలేనివారు తమ యిండ్లయందే ఉపవాసముండి జాగారము చేయుదురు.

ప్రొద్దుగ్రుంకిన పిమ్మట నిద్ర రాకుండుటకై ఇరుగుపొరుగువారు అరుగులపై గూడి గడుల ఆటలు ఆడుట తెలుగువారి యిండ్లలో పరిపాటి. సుద్దతోనో బొగ్గుతోనో గీసిన గళ్ళు, గుప్పెడు గవ్వలు, విరిగిన గాజుముక్కలు, చింతగింజలు, ఇవియే సామగ్రి. గవ్వలు లేనిచోట చింతగింజను ఒక ప్రక్క తెల్లబడునట్లు అరగదీసి గవ్వలకు మారుగా వాడుదురు. పందెము లేదు. గెలిచినవారికి దక్కునది మాటలోని మెప్పు మాత్రమే.

రాత్రి మేల్కొనుటకును ఆటకును గల సంబంధము శాస్త్రసమ్మతమే. ఆశ్వయుజ పూర్ణిమనాటి కోజాగర వ్రతమున లక్ష్మి రాత్రివేళ సంచరించుచు మేల్కొనియున్నవారెవరని విచారించుననియు, ఆ రాత్రి అక్షక్రీడతో మేల్కొనవలెననియు నిబంధ గ్రంథములు చెప్పుచున్నవి. కార్తిక శుద్ధ ప్రతిపత్తునకు ద్యూతప్రతిపత్తను పేరే కలదు. పార్వతీపరమేశ్వరుల అక్షక్రీడ పురాణములయందు వర్ణితము. ఎల్లోరా గుహలలో శిల్పితము. శివరాత్రి జాగారమున గవ్వలాట లోకాచారమే గాని విధి కాదు. అయినను అది ఈ సంప్రదాయమునకు అనుగుణముగానే ఉన్నది.

మనువు తొమ్మిదవ అధ్యాయమున ద్యూతమును నిందించి రాజు దానిని నివారింపవలెననెను. కౌటిల్యుడు ధర్మస్థీయాధికరణమున ద్యూతమును ఒకే చోట, అధ్యక్షుని కనుసన్నలలో జరిపింపుమనెను. ఇరువురి దృష్టియు పణముపైననే ఉన్నది. పణము లేని జాగరణపు ఆట క్రీడయే గాని నింద్యద్యూతము కాదు. కావున దానిని పాఠమునకు సాధనముగా గైకొనుట అనుచితము కాజాలదు.

3. ఏ ఆట ఉపకరించును?

అరుగుపై ఆడు ఆటలన్నియు ఈ సూత్రములకు ఉపకరింపవు. పులి-మేక యందు మూడు పులులు, పదునైదు మేకలు గీతల కూడలులపై నడచును. అందు బుద్ధిబలమే గాని అక్షపాతము లేదు. వామనగుంటలయందు గింజలు గుంటల చుట్టును తిరుగును గాని అక్షములు లేవు, నా కాయ నీ కాయ యను భేదమును లేదు. దాడి ఆటయందు కాయలను వరుస కూర్చుటయే ముఖ్యము. వైకుంఠపాళియందు పాచిక కలదు, కాయను చంపుట లేదు.

సూత్రములకు కావలసిన లక్షణములు మూడు. అక్షపాతము ఒకటి, చుట్టును నడచుట ఒకటి, ఎదిరి కాయను చంపుట ఒకటి. ఈ మూడును కలిగినవి పచ్చీసు, అష్టా చెమ్మ. వానిలో అష్టా చెమ్మ గీయుటకు సులభము, నేర్చుటకు సులభము. తరగతి గదిలో నల్లబల్లపై నైనను గీయవచ్చును.

దాని రూపమిది. అయిదు అడ్డగడులు, అయిదు నిలువుగడులు, మొత్తము 25 గడులు. బయటి వరుసలో 16, లోపలి వరుసలో 8, నడుమ 1. నాలుగు ప్రక్కల మధ్యగడులు నలుగురు ఆటగాండ్ర ఇండ్లు. ఆ నాలుగింటను నడిమిగడిలోను అడ్డగీతలు గీయుదురు. అచ్చట నున్న కాయను చంపరాదు. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. నాలుగు గవ్వలు వేయుదురు. ఒకటి వెల్లకిల పడినచో ఒకటి, రెండు పడినచో రెండు, మూడు పడినచో మూడు. నాలుగును వెల్లకిల పడినచో చెమ్మ, అనగా నాలుగు. నాలుగును బోర్ల పడినచో అష్ట, అనగా ఎనిమిది. ఈ రెండు పాతములకు మరల వేయు హక్కు కలదు. సామాన్యముగా ఇవి పడినగాని కాయ ఆటలోనికి దిగదు.

దిగిన కాయ బయటి వరుసను అప్రదక్షిణముగా చుట్టివచ్చి, లోపలి వరుసను ప్రదక్షిణముగా తిరిగి నడిమిగడిని చేరును. ఎదిరి కాయ నొకదానినైన చంపనిదే లోపలి వరుసకు పోరాదని పలుచోట్ల నియమము. నడిమిగడిని చేరిన కాయను పండినదందురు. కాయ పండగుట అను ఈ రూపకము తెలుగుదే. అమరకోశమున ఆటపలకకు శారిఫలమను పేరు కలదు గాని అచ్చటి ఫలశబ్దము ఫలకార్థకము, పండు కాదు. రెండింటిని ముడివేయరాదు.

4. అక్షపరి, శలాకాపరి

2.1.10 సూత్రము అక్ష, శలాకా శబ్దములకును సంఖ్యావాచకములకును పరి శబ్దముతో అవ్యయీభావ సమాసమును విధించుచున్నది. అక్షపరి, శలాకాపరి, ఏకపరి అని రూపములు. ఈ ప్రయోగము ఆటగాండ్ర వ్యవహారమునందే యని వార్తికవిచారమున నియమింపబడినది. మునుపు గెలిచినప్పుడు పడినట్లు ఇప్పుడు పడలేదని అర్థము.

కాశికావృత్తి ఇచ్చట పంచిక యను ఆటను వివరించుచున్నది. అయిదు అక్షములతో గాని అయిదు శలాకలతో గాని ఆడుదురు. అన్నియు వెల్లకిల పడినను, అన్నియు బోర్ల పడినను వేసినవాడు గెలుచును. వేరువిధముగా పడినచో ఓడును. కనుక ఒకటి తప్పిపడినచో ఏకపరి, రెండు తప్పిపడినచో ద్విపరి, ఆపై త్రిపరి, మిక్కిలియైనచో చతుష్పరి. అయిదును ఏకరూపముగా పడినచో గెలుపే గావున పంచపరి యనుటకు అవకాశము లేదు.

పుస్తకమున చదివినప్పుడు ఒక సందేహము కలుగును. అన్నియు వెల్లకిల పడుట గెలుపైనచో, దానికి పూర్తిగా విరుద్ధమైన బోర్లపాటు ఓటమి కావలెను గదా? రెండును గెలుపెట్లగును? నాలుగు గవ్వలు చేతికిచ్చి వేయించినచో సందేహము తీరును. అష్టయు చెమ్మయు అట్టి జంటయే. రెండింటను గవ్వలన్నియు ఏకరూపముగా నున్నవి. గవ్వకు రెండు ముఖములు సమానావకాశము కలవని ఊహించినచో, నాలుగు గవ్వలకు పాతభేదములు 16. వానిలో ఏకరూపములు రెండే, అనగా ఎనిమిదింట ఒకటి. అయిదు గవ్వలకు పాతభేదములు 32. ఏకరూపములు అప్పుడును రెండే, అనగా పదునారింట ఒకటి. అరుదుగా పడునది గెలుపు. అక్షములు పెరిగినకొలది అది మరింత అరుదు. వెల్లకిలయా బోర్లయా యనునది ముఖ్యము కాదు, ఏకరూపతయే ముఖ్యమని విద్యార్థి తానే గ్రహించును.

పిదప ఒక ప్రశ్న వేయవచ్చును. పంచిక అయిదింటితో గాక నాలుగింటితో ఆడబడినచో పరమావధి ఏది? త్రిపరి యని అతడు వెంటనే చెప్పగలిగినచో వృత్తియందలి చతుష్పరి యొక్క కారణము అతనికి స్వాధీనమైనట్లే.

అక్షశబ్దమును గూర్చి ఒక మాట. ఋగ్వేద దశమ మండలమున 34వ సూక్తమునందలి అక్షములు విభీదక ఫలములు, అనగా తానికాయలు. త్రిఫలలలో ఒకటియగు తానికాయ భూపాలపల్లి ప్రాంతపు అడవులలో లభించునదే. నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు ఆకులను కాయలను లెక్కించిన చెట్టును, కలి ప్రవేశించిన చెట్టును ఇదియే. తానికాయకు వెల్లకిల, బోర్ల అను భేదము స్పష్టముగా నుండదు. కావున వైదికాక్షక్రీడ వేరు, కాశికలోని పంచిక వేరు. ద్విముఖములైన గవ్వలు రెండవదానికే దృష్టాంతమగును గాని మొదటిదానికి కాదు. ఈ భేదమును బోధకుడు మరువరాదు.

5. పరిణాయము, పరిణయము

3.3.37 సూత్రము పరి పూర్వకమైన నీ ధాతువునకు ద్యూతార్థమున ఘఞ్ ప్రత్యయమును విధించి పరిణాయ శబ్దమును సాధించుచున్నది. ద్యూతము కానిచోట పరిణయమే. ఒక దీర్ఘము చేతనే ఆట వేరు, వివాహము వేరు అగుచున్నవి. ని పూర్వకమైన ఇణ్ ధాతువు నుండి న్యాయ శబ్దమును సాధించునదియు ఈ సూత్రమే.

పరిణాయమనగా శారములను నలుదిక్కుల త్రిప్పి నడపుట యని అమరుడు శూద్రవర్గమున చెప్పెను. కాశిక ఇచ్చు ఉదాహరణమునకు పరిణాయముచే శారములను చంపుచున్నాడని అర్థము. నిర్జీవమైన శారమును చంపుట యేమి యని శంకింపవచ్చును. జాగారపు అరుగుపై ఈ శంకకు తావు లేదు. అచ్చట కాయను తీసివేయరు, చంపుదురు. చచ్చిన కాయ మరల అష్టయో చెమ్మయో పడినగాని లేవదు. సంస్కృతమునందలి హన్ ధాతువునకును తెలుగునందలి చంపు ధాతువునకును ఆటలో ఒకే లాక్షణికార్థము. ఒకరినుండి మరియొకరు గ్రహించిరని చెప్పుటకు ఇది చాలదు. ఆట స్వభావమే ఆ మాటను పుట్టించునని చెప్పుటకు చాలును.

కాయను చంపుటకు పరిణాయము సాధనమెట్లు? సరిగా ఎదిరి కాయ నిలిచిన గడికే తన కాయ చేరవలెను. వేసిన గవ్వల సంఖ్యను ఏ కాయకు వినియోగించిన అది కుదురునో లెక్క చూచి నడపుటయే ఆటగాని నేర్పు. ఉదాహరణమునందలి తృతీయావిభక్తి యొక్క కరణార్థము ఈ నేర్పును చూచినచో గాని మనస్సునకు పట్టదు.

6. అయానయీన శారము

5.2.9 సూత్రము మూడు శబ్దములను సాధించును. పాదప్రమాణముగా కట్టిన చెప్పు అనుపదీన. అన్ని అన్నములను భక్షించు భిక్షువు సర్వాన్నీనుడు. అయానయమునకు నడపదగిన శారము అయానయీనము. మొదటి రెండింటికి వ్యాఖ్య అంతగా అక్కరలేదు. మూడవదానికి మహాభాష్యకారుడే అయమేది, అనయమేది తెలియుట లేదని ప్రశ్న లేవదీసి సమాధానము చెప్పవలసివచ్చెను. అయము ప్రదక్షిణగతి. అనయము ప్రసవ్యగతి, అనగా అప్రదక్షిణము. ప్రదక్షిణముగాను ప్రసవ్యముగాను పోవు శారముల గడులలో ఎదిరివారి శారములు ప్రవేశింపజాలని స్థానము అయానయము. కాశికయు ఈ వివరణమునే అనుసరించినది.

ఇచ్చట రెండంశములు విచార్యములు.

మొదటిది గతి. ప్రదక్షిణముగాను ప్రసవ్యముగాను పోవుట యనునది రెండువిధముల అన్వయించును. కొన్ని శారములు ఒక దిక్కున, మరికొన్ని వేరొక దిక్కున పోవుననుట ఒకటి. ఒకే శారము రెండు గతులను క్రమముగా పొందుననుట రెండవది. మొదటి అన్వయము ఊహకు సులభము. రెండవదానికి లోకమున దృష్టాంతమున్నదా యనగా, అష్టా చెమ్మయే దృష్టాంతము. ఒకే కాయ బయటి వరుసలో ఒక దిక్కున, లోపలి వరుసలో దానికి విరుద్ధమైన దిక్కున నడచి, తన ఇంటి నుండి నడిమివరకు 25 గడులను ఒక్కటియు విడువక స్పృశించును. దీనిచే రెండవ అన్వయము సిద్ధించినదని చెప్పరాదు. అది సంభావ్యమని మాత్రమే చెప్పవలెను. అష్టా చెమ్మయందు అప్రదక్షిణము ముందు, ప్రదక్షిణము తరువాత. అయానయ శబ్దమున క్రమము దీనికి విపరీతము. ఈ వైషమ్యమును దాచరాదు.

రెండవది ఎదిరి శారము ప్రవేశింపలేని గడి. అడ్డగీతలు గల ఇల్లు దీనికి సమీపమే గాని సమానము కాదు. ఆ గడిలో ఎదిరి కాయయు నిలువవచ్చును, చంపుట మాత్రమే నిషిద్ధము. భాష్యవచనము ప్రవేశమునే నిషేధించుచున్నది. ఇంతకంటె మంచి పోలిక జంటకాయలయందు కలదు. తోడుగల శారముండు గడిని ఎదిరివారు ఆక్రమింపలేరనియు, తోడులేనిది ఎదిరి శారముచే బాధింపబడుననియు తాత్పర్యము గల శ్లోకము నొకదానిని తరువాతి వ్యాఖ్యాతలు ఈ ఘట్టమున ఉదాహరించిరి. కొన్ని పద్ధతుల గవ్వలాటలలో ఒకే గడియందు నిలిచిన రెండు కాయలను ఒంటికాయ చంపలేదను నియమము నేటికిని కలదు. అట్లాడు ఇండ్లలోని పిల్లవాడు అయానయీన శారమును పేరు తెలియకయే ఎరిగియున్నాడు. అతనికి పేరు చెప్పుటయే గురువు పని.

7. పోలికకు హద్దులు, కర్తవ్యము

పై విచారము వలన పాణిని ఎరిగిన ఆట అష్టా చెమ్మయే యని సిద్ధాంతము చేయరాదు. పంచికయందు అక్షములు అయిదు, ఇచ్చట నాలుగు. పంచికయందు పాతముతోనే జయాపజయములు తీరును, ఇచ్చట పాతము కాయ నడచుటకు సంఖ్య నిచ్చును. మూడు సూత్రములును ఒకే ఆటను గూర్చినవని చెప్పుటకును ఆధారము లేదు. అష్టాపద, దశపద ఫలకముల పేర్లు దీఘనికాయమునందలి బ్రహ్మజాలసుత్తమున కలవు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో మానసోల్లాసమున చదరంగమును, పాశకక్రీడను వేర్వేరుగా వర్ణించెను. ఆటలు పెక్కు, వాని రూపాంతరములు మరియు పెక్కు. దృష్టాంతము అర్థజ్ఞానమునకు సాధనమే గాని చరిత్రకు ప్రమాణము కాదు.

అయినను ఈ సాధనము నేడు చేజారుచున్నది. పిల్లల చేతి ఫోనులలో కనబడునది లూడో. అది పచ్చీసు నుండి పుట్టి 1896లో ఇంగ్లండున అధికారపత్రమును పొందిన రూపాంతరము. అందు గవ్వలకు మారుగా ఆరు ముఖముల పాచిక వచ్చినది. వెల్లకిల, బోర్ల అను భేదము పోయినది. కాయలన్నియు ఒకే దిక్కున నడచును, విరుద్ధగతి లేదు. లూడో మాత్రమే ఎరిగిన విద్యార్థికి 2.1.10 సూత్రమునందలి ఏకరూపపాతమును గాని, 5.2.9 సూత్రమునందలి ప్రసవ్యగతిని గాని చూపుట సాధ్యము కాదు. ఆట మారుటతో శాస్త్రవాక్యమునకు లోకమునందున్న సాక్షి మాయమగుచున్నది.

సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రయందు ప్రబంధములలోని ఆటల ప్రసక్తిని యుగక్రమమున ఏర్చి చూపెను. ఓరుగల్లు వినోదములకు క్రీడాభిరామము అద్దముపట్టినది. కావ్యముల నుండి సంగ్రహించు పని అట్లు కొంత జరిగినది. ఆడువారి నోటినుండి సంగ్రహించు పని మిగిలియున్నది. మూడు జిల్లాల విద్యార్థులు శివరాత్రినాడు తమ తమ ఊళ్ళలో ఒక్కొక్క అరుగు నొద్ద కూర్చుండి అయిదు విషయములు వ్రాసికొన్న చాలును. గవ్వలెన్ని, ఒక్కొక్క పాతమునకు పేరేమి? ఏ వరుసలో ఏ దిక్కున కాయ నడచును? చంపరాని గడులెవ్వి? జంటకాయలకు నియమమేమి? చచ్చిన కాయ ఏ పాతముతో లేచును? ఆ వ్రాతకు ఊరిపేరును తేదీని చేర్చవలెను. ఇట్టి పట్టికలు కొన్ని కూడినచో అయానయ విచారమున పైజెప్పిన రెండు అన్వయముల బలాబలములు మరింత నిర్ధారణతో తూచవచ్చును.

సూత్రకారుడు అక్షపరి శబ్దమును రాజసభ నుండియో యజ్ఞశాల నుండియో గ్రహింపలేదు. అది ఆటగాండ్ర మాటయని వార్తికవిచారమే చెప్పుచున్నది. ఆటగాండ్ర మాటను చెవినిడి విని శాస్త్రమున నిలుపుట మహర్షికి తక్కువతనము కాలేదు. ఆ శాస్త్రమును బోధించువారికి అరుగుమీది మాట వినుటయు తక్కువతనము కాజాలదు. విజ్ఞులు పరిశీలింతురు గాక.